రంగులు బురదగా మారకుండా

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలు వాటర్ కలర్స్‌తో ఊదా రంగు కలిపితే గోధుమ రంగులా తేలుతోంది. బొమ్మ కూడా మురికిగా కనిపిస్తోంది. లోపం ఎక్కడ?

జవాబు: లోపం పిల్లల చేతిలో కాదు, ముందు ఎరుపును చూడండి. నారింజ వైపు మొగ్గే ఎరుపులో పసుపు ఛాయ దాగి ఉంటుంది. దానికి నీలం కలిస్తే మూడు ప్రాథమిక రంగులూ ఒకచోట చేరినట్టే. అందుకే ఊదా చచ్చిపోతుంది. గులాబీ వైపు మొగ్గే ఎరుపు, అల్ట్రామెరైన్ (ఊదా వైపు మొగ్గే ముదురు) నీలం ఇచ్చి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. ఒక పీరియడ్ మొత్తం దీనికే కేటాయించినా వృథా కాదు: రెండు ఎరుపులు, రెండు నీలాలు, నాలుగు గళ్లు, నాలుగు ఊదాలు. ఏది ఎందుకు మారిందో గడి కింద పిల్లలతోనే రాయించండి.

ఇద్దరికి రెండు గ్లాసుల నీళ్లు పెట్టండి, ఒకటి కుంచె కడగడానికి, మరొకటి రంగులో కలపడానికి. మొదటి పూత ఆరకముందే రెండోది వేస్తే అడుగు రంగు లేచి కలిసిపోతుంది. వేళ్ల వెనుక వైపు తాకించి చూడమనండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పల్చటి నోటుబుక్కు కాగితం మాత్రం వద్దు, రెండో పూతకే నూగు లేస్తుంది. కాగితం బరువు కనీసం 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు) ఉండాలి.