మేజోడులో రాయి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఐరిష్ కథ అందింది, రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని లెక్కపెడితే, పన్నెండు పేజీల్లో తొమ్మిది తలలు పగిలాయి. నాలుగో తల దగ్గరికి వచ్చేసరికే నాకు ఏమీ అనిపించడం మానేసింది.

హర్లింగ్‌లో, అంటే వంపు కర్రలతో బంతిని కొట్టే ఆ ఐరిష్ జట్ల ఆటలో, దెబ్బలు నువ్వు కల్పించినవి కావు, ఒప్పుకుంటాను. పదిహేడో శతాబ్దం చివర ఐర్లండ్ తిరిగిన లండన్ పుస్తక వ్యాపారి జాన్ డంటన్, తలో ముంగాలో పగలకుండా ఆట ముగియడం అరుదనీ, ఆ దెబ్బల్ని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారనీ రాశాడు. నువ్వు మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశావు. మర్నాడు కట్టు కట్టిన కాలు గుమ్మంలో చాపుకుని కూర్చుని, ఎవరైనా అడిగేదాకా ఆగలేక తనే మొదలుపెట్టే కుర్రాడు ఉంటాడు చూడు, వాడు నీ కథలో ఎక్కడా లేడు.

ఆ కాలం గురించి మనకు మిగిలిన రాతల్లో చాలా భాగం ఆట ఆడనివాళ్లవి. ఐర్లండ్ తిరిగి చూసి రాసిన ఇంగ్లీషు రచయిత ఆర్థర్ యంగ్ అయితే దాన్ని అనాగరికుల క్రికెట్ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అంతకంటే పాతవి 1366 నాటి కిల్‌కెన్నీ చట్టాలు. అక్కడ స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్లు స్థానికుల్లో కలిసిపోతున్నారన్న భయంతో చేసినవి. ఐరిష్ మాట్లాడకూడదు, ఐరిష్ వాళ్లతో వియ్యమందకూడదు, పెద్ద కర్రలతో నేలమీద బంతిని కొట్టే ఆట ఆడకూడదు. ఆ ఆటలో కాళ్లూ చేతులూ పోతున్నాయట, దేశ రక్షణ దెబ్బతింటోందట. మరి బదులుగా ఏం చేయమన్నారు? విల్లు ఎక్కుపెట్టడం, బల్లెం విసరడం లాంటి మర్యాదస్తుల ఆటలు నేర్చుకోమన్నారు! నీ మొదటి పేజీలోని ఉపన్యాసం మొత్తం తీసేసి ఈ ఒక్క నిబంధన పెట్టు. దాని కింద వ్యాఖ్య మాత్రం రాయకు.

ఏడో పేజీలో పెద్ద పొరపాటు ఉంది. 1834 జూన్ 24న ఐర్లండ్‌లోని కెర్రీ జిల్లాలో, బాలీయా తీరంలో, గుర్రప్పందాల దగ్గర రెండు వర్గాలు కొట్టుకున్నాయి. పారిపోతూ నదిలో మునిగినవాళ్లతో కలిపి పదిమందికి పైగా పోయారు. ఆ శవాలన్నిటినీ తెచ్చి నువ్వు హర్లింగ్ మైదానంలో పడుకోబెట్టావు. ఇంగ్లీషులో దాన్నీ ఫ్యాక్షన్ అనే అంటారు, నీ చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. ఆ మాట కాగితం మీద పడగానే మన పాఠకుడికి నాటుబాంబులూ వేటకొడవళ్లూ కనిపిస్తాయి. అక్కడ సంతలోనో తిరునాళ్లలోనో ముందే చెప్పి మరీ వచ్చి కర్రలతో తలపడేవాళ్లు. ఆడవాళ్లు మేజోడులో రాయి వేసి గిరగిరా తిప్పి కొట్టేవాళ్లు. ఆ మేజోడు ఎవరు అల్లారు, సంతకు బయల్దేరే ముందు అందులో రాయి ఎవరు వేశారు? ఏడో పేజీ అక్కడ మొదలుపెట్టు.

హింస వెతకడానికి నేను ఎప్పుడూ నిబంధనల పుస్తకమే తెరుస్తాను. 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలోని ఒక హోటల్లో మైకేల్ క్యూసాక్, మరికొందరు కలిసి హర్లింగ్ లాంటి ఐరిష్ ఆటల కోసం గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ అనే సంఘం పెట్టారు. మరుసటేడు ఆ సంఘం తమ ఐరిష్ ఫుట్‌బాల్‌కు రాసుకున్న నిబంధనల్లో వెనక నుంచి తోయకూడదు, తలతో కుమ్మకూడదు, బూట్లకు మేకులు ఉండకూడదు అని ఉంది. ఎవరూ చేయని పనిని ఎవరు నిషేధిస్తారు?

ఇక నీ వీరుడు హర్లింగ్ కర్రను లాఠీలా తిప్పుతున్నాడు. దాన్ని యాష్ చెట్టు మొదట్లో, మాను వేరుగా తిరిగే చోట కోస్తారు. చెక్క పోగు వంపుతో పాటే సాగాలి, లేకపోతే రెండో దెబ్బకే విరుగుతుంది. ఐరిష్‌లో కమాన్ అంటారు. మన కమానులాగే అందులోనూ వంపు ఉంది, పోలిక యాదృచ్ఛికమే అయినా నాకు ముచ్చటేసింది.

చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతుంటే బిళ్ళ వచ్చి నా ముంగాలికి తగిలింది. ముందు చప్పుడు వినిపించింది, ఎండుపుల్ల విరిచినట్టు. నొప్పి రావడానికి ఒక ఊపిరి పట్టింది. ఆ ఊపిరిలో నేను చూసింది కాలిని కాదు, బిళ్ళ ఎంత దూరం పోయిందా అని.

నీ కథలో గొడవ మొదలైనప్పటి నుంచి బంతి కనపడలేదు. ఆవు వెంట్రుకలు గట్టిగా చుట్టి చేసిన బంతి, మూడో పేజీలో నువ్వే చక్కగా వర్ణించావు. అదెక్కడ పడిందో వెతికి, కథ మళ్లీ పంపు.

నీ శ్రేయోభిలాషి