తుపాను వెళ్లాక ఓటు ఎటు?

ప్రశ్న: అయ్యా, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పలాసలోనే మకాం వేసి సహాయ పనులు చూశారు. అయినా ఆరు నెలలకే పలాసలో ఆయన పార్టీ ఓడింది. చేసిన మేలును ఓటరు అంత త్వరగా మరిచిపోతాడా?
— ఒక పాఠకురాలు, వజ్రపుకొత్తూరు

జవాబు: మరిచిపోతాడని నేను అనలేనమ్మా. 2019లో రాష్ట్రం మొత్తం మీద 175 స్థానాలకు తెలుగుదేశం గెలిచినవి 23. శ్రీకాకుళం జిల్లాలో పదింటికి రెండే దక్కాయి: ఇచ్ఛాపురం, టెక్కలి. రెండూ తిత్లీ దెబ్బ తిన్న ప్రాంతాలే. 2014లో హుద్‌హుద్ ఊడ్చేసిన విశాఖ నగరంలోనూ తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ స్థానాలు నాలుగూ ఆ పార్టీకే వచ్చాయి. అభ్యర్థి సొంత బలం, కులం, పాత పట్టు కూడా అందులో ఉంటాయి కాబట్టి తుపాను సాయమే గెలిపించిందని చెప్పను. మేలు మరిచారనడానికి మాత్రం ఆధారం కనిపించదు.

మరి పలాస మాటేమిటంటారా? రెవెన్యూ ఉద్యోగంలో నేను పంట నష్టాల నమోదుకు వెళ్లేవాణ్ణి. పాస్‌పుస్తకం పట్నంలో ఉండే యజమాని పేరిట ఉంటుంది. పెట్టుబడి పెట్టి మునిగిన కౌలు రైతు గట్టు మీద నిలబడి మేము రాసుకోవడం చూస్తూ ఉంటాడు. తరువాత జాబితాను పంచాయతీ గోడకు అంటిస్తే పేరున్నవాడు ఒకసారి చూసుకుని వెళ్లిపోతాడు. లేనివాడు వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా మళ్లీ మళ్లీ వెతుకుతాడు, పక్కింటివాడి పేరు కనబడితే అక్కడే ఆగిపోతాడు. ఓటు వేసేనాటికి ముఖ్యమంత్రి మకాం కన్నా ఆ గోడే అతనికి ఎక్కువ గుర్తుంటుందని నా గట్టి నమ్మకం. పైగా కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఎన్నికలేమో ఆరు నెలల్లోనే వచ్చాయి.

మీ పొరుగునే ఉన్న ఒడిశాను చూడండి. 1999 అక్టోబరు 29న వచ్చిన పెను తుపానులో దాదాపు పది వేల మంది చనిపోయారు. సాయం అందించలేక అభాసుపాలైన కాంగ్రెస్ ముఖ్యమంత్రి గిరిధర్ గమాంగ్ డిసెంబరులో తప్పుకున్నారు. 2000 ఫిబ్రవరి ఎన్నికల్లో 147 స్థానాల్లో ఆ పార్టీకి మిగిలినవి 26. దీన్నంతా తుపాను ఖాతాలో వేసేవారున్నారు, కానీ తుపానుకు ముందే జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 21 స్థానాలకు కాంగ్రెస్‌కు వచ్చినవి రెండే. ఉన్న కోపానికి శవాల గుట్టలు తోడయ్యాయి. తరువాత వచ్చిన నవీన్ పట్నాయక్ ప్రభుత్వం తీరమంతా తుపాను ఆశ్రయ భవనాలు కట్టించింది. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించడంతో మరణాలు పదుల్లోనే ఆగాయి. మరుసటి ఏడాది ఆయన పార్టీకి 117 స్థానాలు వచ్చాయి. అయితే ప్రాణం పోకుండా చూసిన పనికి ఇలా ఓటు పడటం చాలా అరుదు. అమెరికాలో చేసిన పరిశోధనల్లోనూ, విపత్తు తరువాత డబ్బు పంచినవారికి ఓట్లు పెరిగాయి గానీ ముందు జాగ్రత్తకు ఖర్చు పెట్టినవారికి పెరగలేదని తేలింది. కాలువ పూడిక తీయించిన నాయకుడి పేరు మన ఊళ్లలో ఎవరైనా చెప్పుకుంటారా? చెప్పుకోవాలి, ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఆ లెక్కే మొదట అడగాలి.

ప్రశ్న: ఎన్నికల నియమావళి అమల్లో ఉండగా తుపాను వస్తే సాయం ఆగిపోతుందా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆగదు. జరుగుతున్న సహాయ పనులు కొనసాగుతాయి, కొత్తగా ప్రకటించే వాటికి ఎన్నికల సంఘం అనుమతి కావాలి. 2019 మేలో ఫణి తుపాను వచ్చినప్పుడు అప్పటి మీ తూర్పు గోదావరితో పాటు విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నియమావళిని సడలించారు. ఒడిశాలోని పాట్కురాలో మే 19న జరగాల్సిన పోలింగ్‌ను ఏకంగా జులై 20కి మార్చారు.