కుస్కోలో దిగిన రోజు గది దాటొద్దు

చి.ల.సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమం. మీరిద్దరూ పెరూ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ నా కాలు నేల మీద నిలవడం లేదు. పక్క వీధి కొట్టుకి పంపితే సగం దారిలోనే ఏడుస్తూ వెనక్కి వచ్చిన పిల్లవి, ఇవాళ మొగుణ్ణి వెంటబెట్టుకుని దక్షిణ అమెరికా వెళ్తున్నావు! మా అపార్ట్‌మెంట్‌లో ఇంచుమించు అందరికీ చెప్పేశాను.

తర్వాత నువ్వు వాట్సాప్‌లో పెట్టిన టూర్ కాగితం తెరిచాను. మొదటి రోజు లిమా. రెండో రోజు పొద్దున్నే విమానంలో ఎత్తు కొండల మీది కుస్కో, ఆ మధ్యాహ్నమే సిటీ టూర్. మూడో రోజు తెల్లవారుజామున రెయిన్‌బో మౌంటెన్ అనే ఇంకా ఎత్తైన రంగుల కొండ. అక్కడితో నా సంతోషం ఆగిపోయింది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని ఊరుకుంటావని ఇంత రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలోని సర్కారు టీకాల సంస్థ ఐపీఎంలో వేస్తారు, ప్రయాణానికి పది రోజుల ముందే అయిపోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన దగ్గరే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. డాలరు నోట్లు చిరుగూ గీతా లేనివి చూసి తీసుకోండి, కొంచెం చిరిగినా అక్కడ పుచ్చుకోరు. కుళాయి నీళ్లు వద్దు, పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే. ఇంకాలు అనే పూర్వపు రాజులు కట్టిన మాచు పిచ్చు గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు చూస్తారు, జిరాక్సు పనికిరాదు.

అల్లుడు మాంసం తినడు కదా, "సిన్ కార్నే" అని ఊరుకుంటే కోడిముక్కలు వేసి తెస్తారు. "సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని కోడీ చేపా కూడా వద్దని చెప్పాలి. కూరగాయల సూపు అన్నా అడుగున కోడి ఉడికించిన నీళ్లే ఉంటాయి, అడిగి తాగమను. బంగాళాదుంపకు మాత్రం కొదవ లేదు, అది పుట్టిందే ఆ కొండల్లో. మూడు వేలకు పైగా రకాలు పండిస్తారు. మన మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చిందే. కాబట్టి పచ్చడి సీసాలతో పెట్టె నింపకు, ఒక్కటి చాలు.

లిమాలో హాయిగా తిరగండి. అది సముద్రం ఒడ్డు ఊరు, ఒంటికి ఏ ఇబ్బందీ ఉండదు. మీరు వెళ్లే ఆగస్టులో ఆకాశమంతా బూడిద రంగు మబ్బే, అయినా తుంపర తప్ప వాన పడదు. అక్కడి మిరాఫ్లోరెస్ పేటలో ఇళ్ల మధ్యనే వాకా పుక్యానా అని మట్టి ఇటుకల గుట్ట ఉంది, దాన్ని మాత్రం వదలొద్దు. ఇంకాల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందు వాళ్లు కట్టింది. దగ్గరికెళ్లి ఇటుకలు చూడు. పడుకోబెట్టి పేర్చలేదు, బీరువాలో పుస్తకాల్లా నిలబెట్టి, నడుమ సందులు వదిలారు. భూమి కంపించినప్పుడు ఒకదానికొకటి కాస్త కదిలి సర్దుకుంటాయట. మేం వెళ్లినప్పుడు నేను అక్కడి నుంచి కదలనంటే గైడ్ వచ్చి పిలుచుకుపోయాడు.

ఇక అసలు సంగతి. కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. ఊటీ 2,240. మన వాళ్లు చార్‌ధామ్ వెళ్తే బద్రీనాథ్ కంటే పైన, కేదార్‌నాథ్ కంటే కాస్త కింద అనుకో. అయితే బద్రీనాథ్‌కి రోడ్డు మీద ఒక్కో ఊరూ దాటుకుంటూ, రాత్రుళ్లు ఆగుతూ వెళ్తాం. ఇక్కడ సముద్రం ఒడ్డున విమానం ఎక్కితే గంటన్నర లోపే ఆ ఎత్తులో దింపేస్తుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఊపిరి పీల్చినంతా పీలుస్తాం, ఒంటికి అందేది తక్కువ. ఆ తేడాకి అలవాటు పడటానికి ఒంటికి రోజులు కావాలి.

మేం వెళ్లినప్పుడూ దిగిన మధ్యాహ్నమే సిటీ టూర్ పెట్టారు. బస్సులో గైడ్ "ఎవరికైనా తల నొప్పిగా ఉందా?" అని అడిగితే మీ పెదనాన్న గారు చెయ్యెత్తలేదు. అప్పటికే తల పగిలిపోతోందట. ఒక్కడి కోసం బస్సంతా ఆగడం ఎందుకు, ఇంత డబ్బు పోసి వచ్చి గదిలో పడుకోవడం ఎందుకు అనుకున్నారట. ముందు కొరికంచ చూపించారు, ఇంకాల సూర్యదేవాలయం. దాని మీదే స్పానిష్ వాళ్లు మఠం కట్టుకుంటే, 1950 భూకంపంలో అది చాలా మటుకు కూలి, లోపల మరుగుపడిన ఇంకాల గోడలు బయటపడ్డాయి. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు, గోరు దూరదు. గోడ పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటుంది. ఈయన ఆ రాతికి అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. ఎంత ముచ్చటగా చూస్తున్నారో అనుకున్నాను. పడిపోకుండా పట్టుకున్నారని రాత్రికి గానీ తెలియలేదు.

అక్కడి నుంచి సక్సాయ్‌వామన్ అనే ఇంకాల రాతి కోట, అది 3,700 మీటర్లు. ఏనుగులంత రాళ్లు. అందరితో పాటు ఈయనా ఎక్కారు. రాత్రి భోజనం వద్దన్నారు. పన్నెండింటికి వాంతులు. ఆ తర్వాత నిద్రలో ఊపిరి ఆగిపోవడం, కాసేపటికి ఉలిక్కిపడి ఎగబీల్చడం. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను బుజ్జీ. హోటల్ కుర్రాడు ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకుంటూ తెచ్చి, ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టాడు. వేలికి పెట్టిన పరికరంలో ఆక్సిజన్ 76 అని చూపించింది. నాకు భాష రాదు, వాడికి ఇంగ్లీషు రాదు. వాడు నా భుజం తట్టి ఆ అంకె పెరుగుతుంటే వేలు పెట్టి చూపించాడు. తెల్లారగానే డాక్టరు చూసి, కిందికి దింపమన్నాడు. కారులో కింద లోయలో ఉన్న ఉరుబంబకి తీసుకెళ్లారు, అది 2,870 మీటర్లు. సాయంత్రానికి మనిషి లేచి కూర్చుని సూపు అడిగారు. అయిదు వందల మీటర్లు దిగితే అంత తేడా!

ఆ లోయ ఎంత బాగుంటుందో. మొక్కజొన్న గింజలు ఒక్కోటి నా బొటనవేలి గోరంత. గ్రూపు ఎక్కడెక్కడో తిరుగుతుంటే మేం పెరట్లో ఎండలో కూర్చున్నాం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంతసేపు నాతో ఊరికే కూర్చున్నది అప్పుడే.

అందుకని చెబుతున్నాను, మూడో రోజు రెయిన్‌బో మౌంటెన్ తీసేయించు. అది 5,000 మీటర్ల పైమాటే. వెళ్లాలనుంటే ఆఖరున పెట్టించుకో. వీలైతే కుస్కోలో దిగగానే అక్కడ ఆగకుండా ఉరుబంబకో అదే లోయలోని ఒయాంతాయ్‌తాంబోకో దిగిపోండి. తర్వాత మాచు పిచ్చు, అది 2,430 మీటర్లే. అవన్నీ అయ్యాక కుస్కోకి ఎక్కితే ఒళ్లు అప్పటికి తయారై ఉంటుంది. టూర్ వాళ్లు కుదరదంటే, దిగిన రోజు గది దాటొద్దు. కొంచెం తిను, నీళ్లు తాగు, హోటల్ వాళ్లు స్వాగతం అంటూ ఇచ్చే పిస్కో అనే ద్రాక్ష సారా ముట్టకండి. ఎత్తుకి అక్కడ ఇచ్చే కోకా ఆకుల టీ తాగొచ్చు, తాగాం కదా అని కొండెక్కొద్దు. ఆకులు మాత్రం ఇంటికి తేవొద్దు, నేరం. ఎత్తుకి వేసుకునే డయామాక్స్ బిళ్ల సంగతి ముందే డాక్టర్ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే ఆ మాటా చెప్పు.

తలనొప్పితో పాటు వికారం ఉంటే ఒక్క మెట్టు కూడా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా అప్పటికప్పుడే కిందికి దిగాలి, అర్ధరాత్రయినా సరే. నీకెలాగూ మైగ్రేన్ ఉంది. ఇది రోజూ ఉండేదేలే అనుకోకు, అక్కడ వచ్చిన తలనొప్పి ఏదైనా ఎత్తు వల్లేనని లెక్క.

నాకు నీకంటే అల్లుడి మీదే బెంగ. పెళ్లినాడు జ్వరంతో రిసెప్షన్‌లో అంతసేపు నిలబడి, మర్నాడు గానీ నోరు విప్పని మనిషి. అచ్చం మీ పెదనాన్నే. బస్సులో గైడ్ అడిగినప్పుడు ఆయన చెయ్యెత్తకపోతే నువ్వు ఎత్తు. ఎవరో విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆ ఎవరో మళ్లీ మన జీవితంలో కనిపించరు.

అక్కడ రాత్రి ఎనిమిదైతే మాకు పొద్దున ఆరున్నర. కుస్కోలో దిగిన రోజు ఆ వేళకి ఇద్దరూ నాకు ఫోన్ చేయండి, అల్లుడి గొంతు కూడా వినిపించు. ఈ కుస్కో కథ మీ అమ్మకు చెప్పకు, నిద్రపోదు. టూర్ వాళ్లతో రేపే మాట్లాడి, మార్చిన కాగితం నాకు పంపు.

మీ పెద్దమ్మ