షష్టిపూర్తి కాగితం తోరణం: ఫోటోల రంగు కారకుండా

మీ నాన్నగారి షష్టిపూర్తికి పాత ఫోటోలతో తోరణం చేస్తుంటే జిగురు తగిలిన చోటల్లా రంగు కారిందని, కాగితం ముడతలు పడిందని రాశారు కదండీ. మీరు ఇంక్‌జెట్ ప్రింట్లు వాడి ఉంటారు. ఆ ఇంకు చాలావరకు నీటిలో కరుగుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో ఉండేది నీళ్లేగా!

మన విజయవాడ గవర్నర్‌పేటలో ఏదైనా జిరాక్స్ షాపులో కలర్ లేజర్ ప్రింట్ తీయించండి. లేజర్ ప్రింటర్‌లో వాడే రంగు పొడి (టోనర్) వేడికి కరిగి కాగితానికి అతుక్కుపోతుంది కాబట్టి తడికి చెదరదు. అసలు ఫోటోలను మాత్రం దయచేసి కత్తిరించకండి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించి దాచుకోండి. అతికించడానికి గ్లూ స్టిక్ గానీ, రెండు వైపులా అంటుకునే టేపు గానీ చాలు.

తోరణంలో వరసగా వేలాడే జెండాలకు 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) పైన అట్ట తీసుకోండి. పల్చటిదైతే మన కృష్ణ ఒడ్డు తేమకి సాయంత్రానికే మెలి తిరుగుతుంది. పంచ్‌తో రంధ్రాలు వద్దు, బరువుకి చిరుగుతాయి. పై అంచు 2 సెంటీమీటర్లు వెనక్కి మడిచి, మడతలో పురికొస పెట్టి అంటించండి.

జెండాకో అక్షరం చొప్పున ‘షష్టిపూర్తి శుభాకాంక్షలు’ అని రాయడానికి అక్షరాలు విడదీసేటప్పుడు ఒత్తులు, గుణింతాలు వేరు చేయకండి: ష, ష్టి, పూ, ర్తి, శు, భా, కాం, క్ష, లు. మొత్తం 9 జెండాలు. ఒక్కోటి 15 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో 3 సెంటీమీటర్ల ఖాళీ అనుకుంటే తోరణం 159 సెంటీమీటర్లు వస్తుంది. కట్టుకోవడానికి అటూ ఇటూ అరమీటరు పురికొస వదలండి. రెండు మాటల మధ్య అమ్మానాన్నల పెళ్లి ఫోటో పెడితే ఎంత బాగుంటుందో! దానికి ఇంకో 18 సెంటీమీటర్లు కలుపుకోండి.