ఐమౌత్ పెద్దవాళ్ల చిన్నతనం వినాలంటే తుఫాను గురించి అడగకండి

ప్రశ్న: "ఎడిన్‌బరాలో ఉంటున్నాం. స్కాట్లాండ్ ఆగ్నేయ తీరంలో ఐమౌత్, బర్న్‌మౌత్, సెయింట్ ఆబ్స్ లాంటి జాలరి ఊళ్ల చరిత్ర, అక్కడి పెద్దవాళ్ల చిన్ననాటి సంగతులు తెలుసుకోవాలని ఉంది. ఏం చూడాలి, ఏం అడగాలి?"

ముందు ఏం అడగకూడదో చెప్తాను. "1881 తుఫాను గురించి చెప్పండి" అనకండి. ఈ ఊళ్ల జాలరుల్ని పొట్టనబెట్టుకున్న తుఫాను అది. అంటే మ్యూజియం గోడ మీదున్న నాలుగు ముక్కలే మీకు తిరిగి అప్పజెబుతారు. "మీ అమ్మమ్మ ఆల్చిప్పలు ఎలా విప్పేదో చూపిస్తారా?" అనండి. ముందు చెయ్యి కదులుతుంది, దాని వెనకే మాట వస్తుంది.

ఆ తీరం చరిత్రంతా ఒక తాడులో ఉందని నా వాదన. 'స్మా లైన్' అంటారు, అంటే చిన్న తాడు. పేరుకే చిన్నది. ఒక్కో తాడుకు వెయ్యికి పైగా గాలాలు. హాడక్ చేప కోసం వేసేది ఇదే. పడవలో ఎంతమంది ఉంటే అన్ని తాళ్లు, ఎవరి తాడు వాళ్ల ఇంట్లోనే సిద్ధం కావాలి. తాడు పొడవునా కొంచెం కొంచెం ఎడంగా పిల్ల తాళ్లు వేలాడతాయి. వాటి కొసన గుర్రపు తోక వెంట్రుకలతో పేనిన సన్నని దారం, దానికి గాలం. ఆ వెంట్రుక దారాన్ని 'టిప్పిన్' అనేవాళ్లు. సముద్రానికి వెళ్లడం మానేసిన తాతలు పొయ్యి దగ్గర కూర్చుని ఇవి పేనేవారు.

వేటకు వెళ్లేది మగవాళ్లు, అంతవరకు నిజమే. కానీ తాడు పని వాళ్లది కాదు, ఇంటిది.

తాడు ఇంటికి చేరేటప్పటికి చిక్కుముడిగా ఉంటుంది. మొదట పాత ఎర ముక్కలు పీకాలి, పోయిన గాలాలు కట్టాలి, మెలితిరిగిన దారాలు సరిచేయాలి. దీన్ని 'రెడ్' చేయడం అంటారు. తర్వాత ఎర. నల్ల ఆల్చిప్పలు, మసెల్స్ అంటే మీకు దుకాణంలో కనిపించేవే. ఊరి రాళ్ల మీద దొరికేవి చాలక దూరం నుంచి కూడా తెప్పించుకునేవారు, అంటే అది కూడా డబ్బే.

చిప్పను ఎడమ చేతిలో పట్టుకుని, రాయికి అంటుకునే పీచు బయటికొచ్చే సందులో పొట్టి కత్తి మొన దూర్చి, అంచు వెంట తిప్పాలి. వెడల్పు వైపు గట్టి కండరం ఒకటి ఉంటుంది, అది తెగితేనే చిప్ప వదులుతుంది. కత్తిని లోతుగా పెడితే మాంసం చిరుగుతుంది. చిరిగిన ఎర గాలానికి నిలవదు, తాడు నీళ్లలోకి జారేటప్పుడే ఊడిపోతుంది. వేడినీళ్లలో వేస్తే చిప్ప చప్పున తెరుచుకుంటుంది కదా అని మీరు అనొచ్చు. తెరుచుకుంటుంది, కానీ చేపను రప్పించే రసం ఆ నీళ్లలోనే ఉండిపోతుంది. అందుకే పచ్చిగానే తీయాలి. గాలాన్ని మొదట గట్టిగా ఉండే నాలుక లాంటి భాగంలోంచి, తర్వాత అంచులోంచి గుచ్చాలి. మెత్తటి పొట్టలో గుచ్చితే దండగ. చిప్పలు చిన్నవైతే గాలానికి రెండు.

ఇప్పుడు లెక్క కట్టండి. 1,200 గాలాలు, గాలానికి రెండు చొప్పున 2,400 చిప్పలు. ఒక్కోదానికి పది సెకన్లు వేసుకున్నా 6 గంటల 40 నిమిషాలు, అదీ విప్పడానికే. గుచ్చడం, పేర్చడం వేరే. చలికాలంలో తెల్లవారకముందే పిల్లల్ని లేపేది ఇందుకే. 1872 చట్టంతో స్కాట్లాండ్‌లో 5 నుంచి 13 ఏళ్ల పిల్లలకు చదువు తప్పనిసరి చేశారు. చట్టం వచ్చింది కానీ చిప్పలు వాటంతటవే విచ్చుకోలేదు కదా. తీరపు ఊళ్ల బడి రిజిస్టర్లలో పిల్లలు రాకపోవడానికి రాసిన కారణాల్లో ఎర పని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

పేర్చడం అన్నిటికంటే కష్టం. లోతు తక్కువ బుట్టలో ఒక పక్క తాడు చుట్టలుగా, రెండో పక్క ఎర గుచ్చిన గాలాలు వరుసలుగా. ప్రతి వరుస మీదా కోసిన పచ్చగడ్డి పరిచి, దాని మీద ఇంకో వరుస. గడ్డి పలచబడితే పై గాలం కింది గాలాన్ని పట్టుకుంటుంది. రేవులో ఆ సంగతి తెలియదు. నడుస్తున్న పడవ మీంచి తాడు వదిలేటప్పుడు ఇరవై గాలాలు ఒక్క ముద్దగా లేచి వస్తాయి, అడ్డొచ్చిన చెయ్యి చీరుకుపోతుంది. ఆ గడ్డి కోసుకురావడం కూడా పిల్లల పనే.

తాళ్లు, వలలు కుళ్లకుండా 'కచ్' అనే సరుకు ఉడికించిన నీళ్లలో నానబెట్టేవారు. అది మరేదో కాదు, మన కిళ్లీలో వేసే కాచు. బర్మా నుంచి, మన దేశం నుంచి గోధుమరంగు దిమ్మలుగా ఓడల్లో వెళ్లేది. పెద్ద బాయిలర్‌లో నీళ్లు మరిగించి, దిమ్మలు కరిగించి, అందులో వలలు ముంచి ఆరవేసేవారు. కాచులోని వగరు పదార్థం నారలోకి ఇంకి బూజును ఆపుతుంది. ఒకసారి ముంచితే సరిపోదు, ఉప్పునీటికి వదులుతూ ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ ముంచాల్సిందే. పాత ఫోటోల్లో తెరచాపలు ముదురు రంగులో కనిపించేది కూడా దీనివల్లే.

ఇదంతా తెలిశాక 1881 అక్టోబర్ 14 వేరేలా కనిపిస్తుంది. శుక్రవారం. ఆ వారమంతా వాతావరణం బాగాలేక పడవలు వేటకు పోలేదు. ఆ పొద్దున సముద్రం నెమ్మదిగా ఉంది, ఎండ కాస్తోంది. రేవులో గాలి ఒత్తిడి చూపే బారోమీటర్‌లో పాదరసం మాత్రం బాగా దిగిపోయి ఉంది, అంటే తుఫాను సూచన. అయినా వెళ్లారు. మొండితనం అని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. కొన్న ఎర రోజుకింత పాడవుతుంటే, ఇంటిల్లిపాదీ గంటల తరబడి చేసిన పని బుట్టలో కుళ్లిపోతుంటే, సముద్రం నిలకడగా కనిపించిన రోజున బారోమీటర్‌లో పాదరసం చూసి ఎవరు ఆగుతారు?

మధ్యాహ్నానికి చీకటి కమ్మి గాలి విరుచుకుపడింది. రేవు నోటి దగ్గర హర్కర్ రాళ్లున్నాయి. కొన్ని పడవలు ఇంటిదాకా వచ్చి, ఒడ్డున నిలబడ్డ సొంతవాళ్ల కళ్లముందే అక్కడ ముక్కలయ్యాయి. ఆ తీరంలో మొత్తం 189 మంది పోయారు, అందులో 129 మంది ఒక్క ఐమౌత్ వాళ్లే. ఏరియల్ గజెల్ అనే పడవ మాత్రం ఒడ్డుకు రాకుండా నడిసముద్రంలోనే నిలదొక్కుకుని, దాదాపు రెండు రోజుల తర్వాత ఇల్లు చేరింది. అలాంటి గాలిలో ఇరుకు రేవుకంటే లోతు నీళ్లే మేలు. ఇల్లు కనిపిస్తుంటే ఆ మాట గుర్తుండటమే కష్టం.

ఆ రేవును ముందే బాగుచేసుకోలేదేం అంటే దానికో కథ ఉంది. ఐమౌత్ జాలరులు పట్టిన చేపలో చర్చికి భాగం కట్టాలి. విలియం స్పియర్స్ అనే జాలరి ముందుండి తిరగబడ్డాడు, ఆయన్ని 'కింగ్‌ఫిషర్' అనేవాళ్లు. చివరికి డబ్బు కట్టి ఆ భారం వదిలించుకున్నారు. రేవుకు పోవాల్సిన సొమ్ము అటు పోయింది.

టూరిస్టు పేజీలు ఇవేవీ రాయవు, దొంగసరుకు కథలే రాస్తాయి. రేవు అవతల 1753లో కట్టిన గన్స్‌గ్రీన్ హౌస్ ఉంది. గోడల్లో టీ ఆకు దాచేవారట, అబ్బో! 1784లో టీ మీద సుంకం 119 శాతం నుంచి పన్నెండున్నరకు దించగానే ఆ వ్యాపారం చప్పబడింది. ఇంటి నిండా చిప్పలు విప్పిన ఆడవాళ్లకు మాత్రం అలాంటి భవనం లేదు.

ఇక మీరు కలిసే మనుషుల సంగతి. ఇప్పుడు 80 దాటినవాళ్లు స్మా లైన్‌ను తాతమ్మల నోట విన్నవాళ్లే ఎక్కువ, వాళ్ల నాటికి వలల పడవలు వచ్చేశాయి. కాబట్టి వాళ్ల కాలానివే అడగండి. 1948 ఆగస్టు వరదలో ఐ వాటర్ నది మీది రైలు వంతెన స్తంభాలు దెబ్బతిన్నాయి. 1891లో బర్న్‌మౌత్ నుంచి ఐమౌత్‌కు వేసిన ఆ చిన్న రైలు మార్గం 1962లో మూతపడింది. హెర్రింగ్ క్వీన్ పండుగ 1939లో మొదలైంది. ఏటా జులైలో, రాణిగా ఎన్నికైన బడిపిల్ల సెయింట్ ఆబ్స్ నుంచి పడవల ఊరేగింపుతో ఐమౌత్ రేవుకు వస్తుంది. ఏ ఏడాది ఎవరు రాణి అనే దాని మీద ఒక పూటంతా వాదించుకోగలరు. మాటల మధ్య 'డీక్' వినిపిస్తే ఆగండి. చూడు అని అర్థం. రోమానీ (జిప్సీల) భాష నుంచి వచ్చింది, హిందీ 'దేఖ్'కు చుట్టం.

పాత కాగితాలు వెతికేటప్పుడు రెండు చోట్ల పొరబడతారు. సెయింట్ ఆబ్స్ పాత పేరు కోల్డింగమ్ షోర్, 1881 జాబితాల్లో అలాగే ఉంటుంది. రెండోది, స్కాట్లాండ్ రికార్డుల్లోనూ సమాధి రాళ్ల మీదా పెళ్లైన ఆడవాళ్లకు పుట్టింటి పేరే తరచుగా ఉంటుంది. భర్త ఇంటిపేరుతో వెతికి దొరకలేదని వదిలేయకండి.

ఎడిన్‌బరా నుంచి రెస్టన్‌కు రైలెక్కండి, ఆ స్టేషన్ 2022లో మళ్లీ తెరిచారు. అక్కడి నుంచి బస్సో టాక్సీయో. పాటు నీళ్లు తీసిన వేళ చూసుకుని వెళ్తే రేవు గట్టు చివర నిలబడి హర్కర్ రాళ్లు పూర్తిగా చూడొచ్చు. తుఫానుకు నూరేళ్లయిన 1981లో ఊరి ఆడవాళ్లు కుట్టిన తాపెస్ట్రీ, అంటే దారాలతో కుట్టిన పెద్ద బొమ్మ, చూడండి. 2016లో పెట్టిన కంచు బొమ్మల దగ్గర మాత్రం తొందరపడకండి. అవి చిన్నవి, వంగి చూడాలి. అందులో మగవాళ్లు లేరు. ఆడవాళ్లూ పిల్లలే, అందరూ సముద్రం వైపు తిరిగి ఉంటారు.