గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్: మా పొగాకు ఇంటి వైపు నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న ఇది: "ఒక దేశానికి ప్రధానిగా చేసినవారికి తర్వాత దొరికే అంతర్జాతీయ పదవులు అలంకారానికేనా? నార్వేకు చెందిన గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ ప్రపంచ ఆరోగ్య సంస్థలో నిజంగా ఏమైనా చేశారా?"

చేశారు. ఆవిడ చేసిన పని ప్రకాశం జిల్లాలో మా ఇంటి వసారా దాకా వచ్చింది కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

2003 మే నెల. పొగాకు వేలం నడుస్తున్న రోజులు. ఆ రోజు మా బేళ్లలో రెండు నోబిడ్ అయి, అంటే ఎవరూ పాడక, వెనక్కి వచ్చాయి. నాన్న తువ్వాలు దులిపి అరుగు మీద కూర్చుని పేపరు తీశారు. ప్రపంచ దేశాలన్నీ జెనీవాలో పొగాకు మీద ఒప్పందం ఆమోదించాయని అందులో వార్త. పేరు పలకడం రాక "ఎవరో నార్వే డాక్టరమ్మట, మన పొట్ట కొట్టడానికే పుట్టినట్టుంది" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆవిడ పేరు డాక్టరమ్మే.

ఆ పంట ఎలాంటిదో నాకు తెలుసు. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మ పక్కన కూర్చుని కర్రలకు పచ్చాకు కట్టేదాన్ని. గంట గడిచేసరికి వేళ్లకు నల్లటి జిగురు పట్టేది. సబ్బుతో రుద్దినా పోయేది కాదు. అన్నం కలుపుకుంటే ముద్ద చేదెక్కేది. మంచుకు తడిసిన ఆకు మోసిన కూలీలు కొందరు మధ్యాహ్నానికల్లా కళ్లు తిరిగి వాంతులు చేసుకునేవారు. ఎండ దెబ్బ అనుకునేవాళ్లం. తడి ఆకులోంచి చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి దిగుతుందని చాలా ఏళ్ల తర్వాత, హైదరాబాద్‌లో ప్రజారోగ్యం చదువుతున్నప్పుడు తెలిసింది. డాక్టరమ్మ సంగతి పూర్తిగా తెలిసింది కూడా అప్పుడే.

ఆవిడ 1939లో పుట్టారు. తండ్రి వైద్యుడు, లేబర్ పార్టీ నాయకుడు, మంత్రిగా కూడా పనిచేశారు. కూతురూ అదే దారి పట్టింది. ఓస్లోలో వైద్యం, హార్వర్డ్‌లో ప్రజారోగ్యం చదివి, ఓస్లో బడిపిల్లల ఆరోగ్య విభాగంలో డాక్టరుగా చేరింది. పెళ్లి చేసుకున్నది మాత్రం ప్రత్యర్థి కన్జర్వేటివ్ పార్టీ మనిషిని. నలుగురు పిల్లలు. నార్వేలో ఆవిడను ఇంటిపేరుతో పిలిచేవారు తక్కువట, అందరికీ ఆవిడ గ్రో. వాళ్ల పలుకుబడిలో అది "గ్రూ" అని వినిపిస్తుంది.

1974లో పర్యావరణ మంత్రి అయ్యారు. 1977 ఏప్రిల్‌లో ఉత్తర సముద్రంలోని బ్రావో చమురు వేదిక మీద బావి పగిలి ముడి చమురు ఎగజిమ్మింది. దాన్ని మూయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో కెమెరాల ముందు నిలబడి జవాబు చెప్పిన మంత్రి ఈవిడే. నాయకురాలిగా దేశం ఆవిడను గుర్తించింది అక్కడేనని నా అభిప్రాయం.

1981లో 41 ఏళ్లకే నార్వే తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఆ విడత కొన్ని నెలలతోనే ముగిసింది. 1986లో మళ్లీ వచ్చినప్పుడు 18 మంది మంత్రుల్లో ఎనిమిది మందిని మహిళలనే తీసుకున్నారు. 1990 నుంచి 1996 దాకా మూడో విడత. ఈ మధ్యలోనే ఐక్యరాజ్యసమితి నియమించిన కమిషన్‌కు అధ్యక్షత వహించారు. రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అన్న నిర్వచనం 1987లో ఆ కమిషన్ ఇచ్చిందే. మన పోటీ పరీక్షల పిల్లలు బట్టీ పట్టే వాక్యం అది.

అలాగని ఆవిడను దేవతను చేయను. 1981లో ప్రధాని కుర్చీలో కూర్చున్న రోజుల వ్యవధిలోనే, ఆల్టా నది మీద ఆనకట్ట వద్దంటూ సామీ ఆదివాసీ మహిళలు ఆవిడ కార్యాలయంలోనే బైఠాయించారు. పోలీసులు వాళ్లను బయటకు పంపేశారు, ఆనకట్ట కట్టేశారు. నార్వే వ్యాపారం కోసం తిమింగలాల వేటను మళ్లీ మొదలుపెట్టింది 1993లో, ఈవిడ ఏలుబడిలోనే. సుస్థిరాభివృద్ధి చెప్పిన దేశం చమురు తోడడమూ ఆపలేదు.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. 1998 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్‌గా వెళ్లారు. ఆరోగ్య మంత్రి చేతిలో ఖజానా ఉండదని, మంత్రివర్గాలు నడిపిన మనిషిగా ఆవిడకు తెలుసు. అందుకే ఆర్థిక మంత్రులకు అర్థమయ్యే భాషలో మాట్లాడటం మొదలుపెట్టారు. సిగరెట్ల మీద పన్ను పెంచితే తాగేవారు తగ్గుతారు, ఖజానాకు నష్టమూ రాదని 1999లో ప్రపంచ బ్యాంకు చెప్పిన లెక్క అందుకు బాగా పనికొచ్చింది. అంతర్జాతీయ ఒప్పందాలు చేయించే అధికారం ఆ సంస్థ నిబంధనావళిలో 1948 నుంచీ ఉంది. యాభై ఏళ్లపాటు ఎవరూ దాన్ని వాడలేదు. ఈవిడ హయాంలో వాడారు, అదీ పొగాకు మీద.

నన్ను కుదిపిన విషయం మరొకటి ఉంది. అమెరికా కోర్టు దావాల వల్ల సిగరెట్ కంపెనీల లోపలి కాగితాలు బయటపడ్డాయి. తన సంస్థ పనిని ఆ కంపెనీలు ఎలా దెబ్బతీశాయో తేల్చమని ఆవిడ నిపుణుల సంఘాన్ని వేశారు. 2000లో నివేదిక వచ్చింది. పొగాకు రైతుల గొంతుకగా అంతర్జాతీయ వేదికల మీద మాట్లాడిన సంఘం వెనుక డబ్బు కంపెనీలదేనని ఆ కాగితాల్లో ఉంది. చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రాత్రుళ్లు ఆకు కాల్చే బ్యారన్ గది దగ్గర థర్మామీటరు చూస్తూ జాగారం చేసిన మా నాన్న పేరు చెప్పి జెనీవాలో మాట్లాడింది వేరెవరో!

ఒప్పందం 2003 మే 21న ఆమోదం పొందింది, 2005 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. భారత్ 2004లోనే దాన్ని ధ్రువీకరించింది. ఇప్పుడు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. ఒప్పందం ఆమోదం పొందిన 2003లోనే సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి విజృంభించినప్పుడు, చైనా మొదట్లోనే విషయం బయటపెట్టి ఉంటే బాగుండేదని ఆవిడ బాహాటంగా అన్నారు. చైనా లాంటి సభ్యదేశాన్ని ఆ కుర్చీలో ఉండి విమర్శించడం చిన్న సంగతి కాదు. జులైలో సార్స్ అదుపులోకి వచ్చిందని ప్రకటించారు, అదే నెలలో పదవీకాలం ముగించుకుని వెళ్లిపోయారు. తర్వాత మండేలా ఏర్పాటు చేసిన 'ది ఎల్డర్స్' అనే పెద్దల బృందంలో ఉన్నారు. 2011 జులైలో నార్వేలోని ఉటోయా దీవిలో లేబర్ పార్టీ యువకార్యకర్తల శిబిరంలో మాట్లాడి వెళ్లిన కొన్ని గంటలకే అక్కడ ఊచకోత జరిగింది. హంతకుడు ఆవిడను కూడా చంపాలనుకున్నానని కోర్టులో చెప్పాడు.

చదువు మధ్యలో ఓసారి ఊరికి వెళ్లినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. కంపెనీల కాగితాల సంగతి విని ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "వాళ్ల సంగతి వేలంలో రోజూ చూస్తూనే ఉన్నాంలేమ్మా" అన్నారు. కాసేపాగి, "మానేయమంది సరే. మానేసి ఏం వేయాలో రాసిందా మీ డాక్టరమ్మ?" అని అడిగారు. మా ఊళ్లో కొందరు అప్పటికే పొగాకు మాని శనగ వేసి, ధర పడిపోయి మళ్లీ పొగాకుకే వచ్చారు.

రాశారని చెప్పాను. ఒప్పందంలో పదిహేడో అధికరణం. చదవమన్నారు. పొగాకు రైతులకు, కూలీలకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాలను దేశాలు వీలును బట్టి ప్రోత్సహించాలి అని తెలుగు చేసి చదివాను.

"తర్వాత?" అన్నారు.

అంతే నాన్నా, ఒక్కటే వాక్యం అన్నాను.