37 తేడాల జాబితా

ప్రశ్న: నేను యాప్ డిజైనర్‌ని. ఫిగ్మా అనే డిజైన్ టూల్లో స్క్రీన్లన్నీ పూర్తిచేసి డెవలపర్‌కి అప్పగించాను. మూడు వారాల తర్వాత చూస్తే గ్యాపులు, అక్షరాల సైజు, బూడిద రంగు అన్నీ మారిపోయి ఉన్నాయి. 37 తేడాలు రాసి మెయిల్ పంపాను. అప్పట్నుంచి ఆయన నాతో సరిగా మాట్లాడటం లేదు. నేను చేసింది తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: తేడాలు పట్టుకోవడం మీ పనే. మూడు వారాలు ఆగడమే పొరపాటు. ఈపాటికి ఆయన టెస్టింగ్ కూడా ముగించి ఇంకో పనిలో పడి ఉంటారు.

నా మొదటి యాప్‌లో బటన్లన్నీ ఇంగ్లీషు మాటలతో గీసి, ఎత్తు పిక్సెళ్లలో రాసిచ్చాను. డెవలపర్ తు.చ. తప్పకుండా కట్టారు. తెలుగు పెట్టేసరికి 'రద్దు' కింద ఒత్తు తెగిపోయి 'రదు' అని కనిపించింది. తప్పు ఆయనదేనంటూ నాలుగు రోజులు మెయిళ్లలో వాదించాను. చివరికి ఆయనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేనిచ్చిన ఎత్తు తీసేసి, లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) పెంచి, పైనా కిందా కాస్త ఖాళీ వదిలారు. మాటని బట్టి బటన్ దానంతటదే పెరిగింది. రెండు నిమిషాల పని. ఆ ఒత్తు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

మీ జాబితా మళ్లీ తియ్యండి. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) 4.5:1 కన్నా తగ్గితే పట్టుబట్టండి, చూపు మందగించినవాళ్లకి ఆ లేత బూడిద కనపడదు. ఆండ్రాయిడ్‌లో నొక్కే చోటు 48 డీపీ (ఏ స్క్రీన్ మీదైనా దాదాపు ఒకే సైజులో కనిపించేలా వాడే కొలత) కన్నా చిన్నదైనా అంతే. 2 పిక్సెళ్ల గ్యాపు వదిలెయ్యండి, నాకూ మనసొప్పదు గానీ. అదే తేడా ప్రతి స్క్రీన్‌లో ఉంటే మాత్రం కాంపొనెంట్ (అన్ని స్క్రీన్లలో మళ్లీ మళ్లీ వాడే ముక్క) ఒక్కటి సరిచేస్తే సరిపోతుందేమో అడగండి.

ఇంకోమాట. నెట్ పోయినప్పుడు, చూపించడానికి ఏమీ లేనప్పుడు, పేరు రెండు లైన్లకి దిగినప్పుడు స్క్రీన్ ఎలా ఉండాలో గీసిచ్చారా? లేకపోతే అవన్నీ ఆయన సొంతంగా ఊహించి కట్టినవే. వాటినీ ఆ 37లో కలిపేశారేమో చూసుకోండి.

ఇకమీదట డిజైన్ పెన్సిల్ గీతల్లో ఉన్నప్పుడే చూపించండి. రేపటికైతే ఒక్క స్క్రీన్ తీసుకుని ఆయన పక్కన కూర్చోండి. "ఇక్కడ ఎందుకు మార్చాల్సి వచ్చిందండీ?" అని అడగండి. ఆయన చెప్పడం అయ్యేదాకా ఫిగ్మా తెరవకండి.